క్వార్టర్‌బ్యాక్ తండ్రిగా ఖోర్ ఫక్కాన్ వెళ్లి తలదించుకున్న శనివారం

ఎమిరేట్స్ తూర్పు తీరంలోని ఖోర్ ఫక్కాన్‌కు ఈసారి వెళ్లింది సముద్రం చూడటానికి కాదు, మా అమ్మాయి శ్రీనిజ కోసం. తొమ్మిదో తరగతి చదువుతోంది. రెండేళ్లుగా స్కూల్లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడుతోంది. పేరులో ఫుట్‌బాల్ ఉన్నా ఇందులో బంతిని కాలితో తన్నరు. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో విసురుతారు, పరుగెత్తుతూ పట్టుకుంటారు. ఒకరినొకరు గుద్దుకోవడం, కింద పడేయడం ఉండదు. బంతి పట్టుకున్నవాళ్ల నడుముకు వేలాడే రిబ్బన్‌ను ఎదుటి జట్టువాళ్లు లాగేస్తే ఆట అక్కడితో ఆగుతుంది. బంతిని ఎవరికి వేయాలో, ఎప్పుడు వేయాలో చూసుకుని విసిరే మనిషిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. మా శ్రీనిజ క్వార్టర్‌బ్యాక్. ఎమిరేట్స్‌లో ఉండే అమ్మాయిలకు ఏడాది పొడవునా శిక్షణ ఇచ్చే ఒక జట్టు కోసం ఖోర్ ఫక్కాన్‌లో ఎంపిక జరుగుతోందని, విసిరే ప్రతి అమ్మాయీ తనకు అలవాటైన ఒక జోడీని వెంట తెచ్చుకోవాలని స్కూల్లో చెప్పారట.

మా అమ్మాయికి తిరుగులేదని నా నమ్మకం. నేను దుబాయ్ అల్ ఖూజ్‌లో టైల్స్ గోదాములో స్టోర్ చూసుకుంటాను. ఆదివారాలు గోదాము వెనకున్న ఖాళీ స్థలంలో తను బంతి విసిరేది, నేను పరుగెత్తి తెచ్చేవాణ్ని. వరసగా నిలిపిన పికప్ బండ్లను దాటించి విసిరిన రోజున నేను వీడియో తీసి మా జగిత్యాల బంధువులందరికీ పంపాను. మా ముదీర్‌కు, అంటే మేనేజరుకు కూడా చూపించాను. బంతి ఎంత దూరం పోతే పిల్ల అంత గొప్పదని నా లెక్క. ఫోన్లో ఆట వీడియోలు చూసీ చూసీ నాకూ ఈ విద్య వచ్చేసిందనుకున్నాను.

శనివారం తెల్లవారగానే అల్ ఖుసైస్‌లోని మా ఫ్లాట్ నుంచి బయలుదేరి, షార్జా అల్ నహ్దాలో మెర్సీని ఎక్కించుకున్నాం. మెర్సీ శ్రీనిజ క్లాస్‌మేట్, బంతి పట్టుకునే జోడీ. తనకు ఈ ఎంపికతో పనిలేదు. ఎంపిక కావాలని పేరు కూడా ఇవ్వలేదు. స్నేహితురాలి కోసం వస్తోంది, అంతే. వాళ్లమ్మ రూతుగారిది అమలాపురం దగ్గర పల్లె, షార్జాలో ఒక ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చారట, యూనిఫాంలోనే కిందికి దిగి కూతురి చేతిలో ఇడ్లీల డబ్బా పెట్టారు. "మా పిల్ల నన్నొదిలి ఇంత దూరం ఎప్పుడూ వెళ్లలేదండి. కాస్త చూసుకోండి," అన్నారు. నా బిడ్డ లెక్కనే చూసుకుంటానని చెప్పాను.

షార్జా దాటేలోపే పెట్రోలు పోయించుకుంటే మంచిది, కొండల్లోకి వెళ్లాక బంకులు అరుదు. ఇసుక నేల దాటాక ఖోర్ ఫక్కాన్ రోడ్డు గోధుమరంగు కొండలను తొలుచుకుంటూ పోతుంది, ఒకదాని వెనక ఒకటి సొరంగాలు. ఆగకుండా వెళ్తే గంటన్నర ప్రయాణం. కారు లేనివాళ్లకు షార్జా బస్‌స్టేషన్ నుంచి బస్సులున్నాయి, వేళలు ముందుగా కనుక్కోండి. మేము రఫీసా డ్యామ్ దగ్గర ఆగాం. కొండల మధ్య ఆకుపచ్చని నీళ్లు, బాతులు, కరక్ చాయ్ రెండు దిర్హమ్‌లు. చాయ్ పోసిన మలయాళీ కుర్రాడు పిల్లల చేతిలోని బంతి చూసి అదేం బంతని హిందీలో అడిగాడు. ఇద్దరూ నవ్వుతూ చెప్పబోతుంటే నేనే మధ్యలో దూరి, ఈ అమ్మాయి పేరు గుర్తుపెట్టుకో, రేపు టీవీలో చూస్తావని చెప్పాను. శ్రీనిజ ముఖం పక్కకు తిప్పుకుంది. సిగ్గుపడుతోందనుకున్నాను.

మైదానం సముద్రానికి దగ్గర్లోనే ఉంది. ఒకవైపు కొండ, ఇంకోవైపు రేవు క్రేన్లు. కోచ్ మెక్సికో నుంచి వచ్చి దుబాయ్‌లో స్థిరపడిన ఆవిడ, నలభై ఏళ్లుంటాయి, మాట తక్కువ. ఉదయం అమ్మాయిల చేత ఒక్కొక్కరిగా విసిరించారు. మా శ్రీనిజ బంతి అందరికంటే దూరం వెళ్లింది. చప్పట్లు కొట్టి ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. కోచ్ పక్కకు వెళ్లి నిలబడి, నాకొచ్చిన ఇంగ్లిష్‌లో మా అమ్మాయి బలం గురించి, గోదాము వెనక సాధన గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ మర్యాదగా విన్నారు. చేతి బలం ఈ వయసులో ఎవరికైనా పెరుగుతుందని, తను చూస్తున్నది పాదాలు, కళ్లు అని, బంతి చేయి వదిలాక పిల్ల ఏం చేస్తుందో కూడా చూస్తానని అన్నారు. నాకు ఆ మాట ఎక్కలేదు. నా బిడ్డను తక్కువ చేస్తోందని మనసులో అనుకున్నాను.

మధ్యాహ్నం రేవు వైపున్న చిన్న హోటల్లో తిన్నాం. షేరీ చేప వేపుడు, అన్నం, పప్పు కలిపి ప్లేటు పాతిక దిర్హమ్‌లు. చేప అప్పుడే పడవ దిగినంత తాజాగా ఉంది. వంట చేసే బెంగాలీ పెద్దాయన పిల్లలు ఆటకొచ్చారని తెలిసి చెరో చేపముక్క ఎక్కువ వేశాడు. మెర్సీ రెండోసారి అన్నం పెట్టించుకోబోతే, కడుపు నిండితే పరుగెత్తలేవు, చాలు అన్నాను. ఆ పిల్ల గిన్నె పక్కకు జరిపేసింది. శ్రీనిజ తన ముక్కలో సగం తుంచి మెర్సీ ప్లేటులో పెట్టింది. ఆ ఇద్దరి మధ్య నడిచింది చూసి కూడా నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే మాత్రం ఆ గిన్నె జరిపిన చెయ్యే కనిపిస్తోంది.

మధ్యాహ్నం చిన్న చిన్న మ్యాచులు పెట్టారు. ఎండ తగ్గలేదు, సముద్రం మీంచి వచ్చే గాలి కూడా వేడిగానే ఉంది. శ్రీనిజ వేసిన రెండు బంతులు మెర్సీ చేతికి తగిలి కింద పడ్డాయి. నేను కూర్చోలేకపోయాను. తల్లిదండ్రులు కూర్చునే చోటు వదిలి గీత దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మ్యాచ్ చివర్లో మెర్సీ అందరినీ దాటుకుని పరుగెత్తింది. ఆ బంతి పట్టుకుంటే గెలుపే. శ్రీనిజ విసిరింది. బంతి దూసుకొచ్చి మెర్సీ వేళ్లకు కొట్టుకుని ఎగిరి అవతల పడింది.

నా నోటికి అడ్డం లేకుండా పోయింది.

"చేతులా గవి? నా బిడ్డ జిందగీ ఖరాబు చేస్తున్నవ్ నువ్వు. నిన్ను తోల్కొచ్చుడే నాది తప్పు."

తెలుగులో అరిచాను. అక్కడ తెలుగు తెలిసినవాళ్లం మేము ముగ్గురమే. కానీ గొంతుకు భాష అక్కర్లేదు కదా. మైదానమంతా ఆగిపోయింది. వేరే దేశాల తల్లులు నా వైపు చూసి, చూపు తిప్పుకున్నారు. మెర్సీ నొప్పెట్టిన వేళ్లను ఇంకో చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. ఏడవలేదు. ఎవరైనా వచ్చి ఏం చేయాలో చెబుతారేమోనన్నట్టు చుట్టూ చూసింది.

వచ్చింది శ్రీనిజే. పరుగెత్తుకుంటూ వెళ్లి ముందు మెర్సీ చెయ్యి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే వంచి చూసింది. ఏదో చెప్పింది, నాకు వినబడలేదు. తర్వాత కోచ్ వైపు తిరిగి ఇంగ్లిష్‌లో అందరికీ వినబడేలా చెప్పింది. తప్పు తనదేనని, మెర్సీ ఖాళీగా దొరికినప్పుడే వేయకుండా ఆగిందని, ఆలస్యమైందన్న కంగారులో గట్టిగా విసిరిందని, అంత వేగంతో వచ్చిన బంతిని ఎవరూ పట్టలేరని. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చింది. కోపంగా వస్తుందనుకున్నాను. ముఖంలో కోపం లేదు, అలసట ఉంది.

"డాడీ, నువ్వు పోయి కార్ల కూసో. అయినంక మేమే వస్తం."

పోయి కూర్చున్నాను. పదిహేనేళ్ల పిల్ల తండ్రిని మైదానం నుంచి పంపేస్తే అందరి ముందు నుంచి నడుచుకుంటూ వెళ్లిన నడక ఎలా ఉంటుందో నేను రాయలేను. కారు అద్దాలు దించుకుని కూర్చుంటే ఈలలు వినబడుతున్నాయి, పిల్లల అరుపులు వినబడుతున్నాయి, ఏం జరుగుతోందో కనబడదు. ఊళ్లో వాలీబాల్ ఆడేటప్పుడు మా నాయన కూడా గట్టు మీద నిలబడి ఇట్లాగే అరిచేవాడని, నేను ఆట మానేసింది మోకాలి నొప్పి వల్ల కాదని అప్పుడు గుర్తొచ్చింది. ఈ సంగతి లతకు, అంటే నా భార్యకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

ఆట ముగిశాక కోచ్ నేరుగా కారు దగ్గరికే వచ్చారు. నేను దిగి సారీ చెప్పాను. అది తనకు కాదని, చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారని అన్నారు. ఆ తర్వాత నేను అడగకపోయినా శ్రీనిజ గురించి చెప్పారు. మొదటి జట్టులోకి ఈ ఏడు తీసుకోవడం లేదు. చెయ్యి బాగుంది, కానీ కళ్లు ఒక్క మనిషి మీదే ఆగిపోతున్నాయి, రెండో మనిషిని, మూడో మనిషిని వెతకడం రావాలి, పాదాలు కళ్లతోపాటు తిరగాలి. అవి నేర్పితే వస్తాయి, అందుకు ఒక ఏడాది పట్టవచ్చు, ఎక్కువా పట్టవచ్చు. నేర్పలేనిది ఒకటుంది, బంతి కింద పడ్డప్పుడు తన జట్టు మనిషి దగ్గరికి ముందుగా వెళ్లడం, అది ఈ పిల్లకు ఉంది. అందుకని దుబాయ్‌లో సాయంత్రాలు జరిగే రెండో బృందంలోకి రమ్మంటున్నానని చెప్పారు. నేను ఆశగా, అయితే పెద్దయ్యాక పెద్ద క్వార్టర్‌బ్యాక్ అవుతుందా అని అడిగాను. అంత అయ్యాక కూడా అదే అడిగాను. ఈ వయసులో ఎవరు ఏమవుతారో తనకు తెలియదని, చెప్పేవాళ్లను నమ్మవద్దని ఆవిడ అన్నారు. ఇంతవరకు తను చూసిన మంచి పిల్లల్లో చాలామంది ఆట మానేసింది మైదానంలో కాదని, ఇంటికి తిరిగి వెళ్లే కారులోనని చెప్పి వెళ్లిపోయారు.

తిరుగు ప్రయాణంలో పిల్లలిద్దరూ వెనకసీట్లో కూర్చున్నారు. పాటలు లేవు. సొరంగాల్లో వెలుగు, చీకటి మారుతుంటే అద్దంలో మెర్సీ ముఖం కనబడుతూ పోతూ ఉంది. కొండలు దాటాక రోడ్డు పక్కన దుకాణం దగ్గర ఆపి ఐస్‌క్రీములు కొని ఇస్తే మెర్సీ "వద్దంకుల్" అంది. వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. గోదాములో ముప్పైమందికి పని చెప్పేవాణ్ని, ఒక పిల్లకు రెండు మాటలు చెప్పడానికి తలుపు తీసి వంగాను.

"మెర్సీ, నేనట్ల అనొద్దుండె. తప్పు నాదే బిడ్డా."

"పర్లేదంకుల్," అంది వెంటనే. పెద్దవాళ్లు ఏం చేసినా పిల్లలు ఆ మాటే అంటారు. అది క్షమించడం కాదని నాకు తెలుసు. శ్రీనిజ నా వైపు చూడలేదు, కానీ నా చేతిలో కరిగిపోతున్న ఐస్‌క్రీములు తీసుకుని ఒకటి మెర్సీ చేతిలో పెట్టింది.

అల్ నహ్దా చేరేసరికి చీకటి పడుతోంది. రూతుగారు కింద ఎదురుచూస్తున్నారు. ఎలా జరిగిందని అడిగితే, బాగా జరిగిందమ్మా, చేప తిన్నాం, డ్యామ్ చూశాం అంది మెర్సీ. నన్ను కాపాడుతోంది ఆ పిల్ల. కారు తిప్పుకుని వెళ్లిపోయినా ఎవరూ అడిగేవాళ్లు లేరు. ఇంజన్ ఆపి దిగాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, అరిచిన మాటలు కూడా. సగంలోనే ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని దీపం కింద వేళ్లు చూశారు. చూపుడువేలు వాచింది. అంత దూరం కారులో తెచ్చి నేను ఆ వాపు చూడనే లేదు.

"మీరు దాచకుండా చెప్పారు, అది మంచిదేనండి," అన్నారు రూతుగారు. గొంతు పెంచలేదు. "పిల్లలు స్నేహంగానే ఉంటారు, నేను ఆపను. కానీ మా మెర్సీ ఇంక మీ కార్లో రాదండి."

సరేనన్నాను.

ఇది జరిగి కొన్ని నెలలైంది. శ్రీనిజ వారానికి రెండు సాయంత్రాలు రెండో బృందంలో ఆడుతోంది. మెర్సీ వేలు తగ్గింది, అప్పుడప్పుడు వాళ్లమ్మతో బస్సులో వచ్చి తనూ ఆడి వెళ్తుంది. రూతుగారు ఎదురైతే బాగున్నారా అంటారు, అంతకు మించి మాట లేదు, నేనూ ఆశించను. శ్రీనిజ ఎలా ఆడుతోందని బంధువులు అడిగితే ఇప్పుడు నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఒకప్పుడు ఒక్క వీడియో చూసి పిల్ల జీవితమంతా చెప్పేసేవాణ్ని. తను ఏమవుతుందో నాకు తెలియదు. కానీ తనను తూచడానికి నేను పట్టుకెళ్లిన తక్కెడలో ఆ రోజు తూగింది నేను, చాలా తేలిగ్గా తూగాను. ఆ సిగ్గు ఇంకా తగ్గలేదు. తగ్గాలని తొందరపడటం కూడా లేదు.

పిల్లల్ని ఆటల ఎంపికకు ఖోర్ ఫక్కాన్ తీసుకెళ్లేవాళ్లకు ఒక్క సలహా: పిల్లల్ని మైదానంలో నిర్వాహకులకు అప్పగించి, ఫోన్ మోగేలా పెట్టుకుని, మీరు సముద్రం ఒడ్డున నడిచే బాట, కార్నిష్‌కు వెళ్లిపోండి. నీడలో బెంచీలున్నాయి, కాస్త దూరం నడిస్తే కొండ మీంచి నీళ్లు దూకే చోటుంది, పొద్దు ఇట్టే గడిచిపోతుంది. ఆట ముగిశాక వెళ్లి ఆకలేస్తోందా అని అడగండి. ఇంకేమీ అడగకండి.