ఒకే మంచం మీద ఇద్దరు

తప్పు చేశానని చెబుతానన్నా ఇక్కడ వినేవాడు లేడు. ఆసుపత్రి యాజమాన్యానికి రాశాను. కొరాపుట్ వెళ్లి పెద్దాఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాను. పాత సంగతి వదిలెయ్యమన్నారు. ఏళ్లుగా నా గుండెల మీద కూర్చున్నది వాళ్లకు పాత సంగతి. అందుకే మీకు చెబుతున్నాను.

రాయగడ దగ్గరున్న మా ఆసుపత్రిలో అరుదైన గ్రూపు రక్తం కావాలంటే కొరాపుట్ బ్లడ్ బ్యాంకును అడగాలి. ఆ అడిగే ప్రోగ్రాం రాసింది నేనే. జవాబు వెంటనే రాదు కనుక, వచ్చేదాకా ప్రోగ్రాం ఒక హామీని పట్టుకుని ఉంటుంది. ప్రామిస్ అంటాం. అది ఎవరిదో తెలియడానికి ఒక కీ, అంటే గుర్తు నంబరు, తగిలిస్తాం. అడిగిన ప్రతిసారీ కొత్త కీ ఉండాలన్నాను. మంచం నంబరు చాలన్నాడు మేనేజరు. వానాకాలంలో ఒకే మంచం మీద ఇద్దరిని పడుకోబెడతారు, రెండోసారి అడిగింది మొదట అడిగినదాన్ని తుడిచేస్తుందన్నాను. నువ్వు డాక్టరువా అని అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. సరిచేయగలిగి కూడా చేయలేదు. జరగనీ, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను.

జరిగింది. దసమంతపూర్ నుంచి కాన్పుకు వచ్చినావిడకు రక్తస్రావం ఆగలేదు. నర్సు సువార్తమ్మ అక్క, మా శ్రీకాకుళం మనిషే, కంప్యూటర్లో రక్తం అడిగింది. కాసేపటికి అదే మంచం మీది ఇంకొకామె కోసం మరో నర్సు అడిగింది. మధ్యాహ్నం అక్క నా గదికి వచ్చింది.

"బాబూ, ఇందాకట్నించి వస్తంది, వస్తంది అనే సూపిస్తంది. నిజంగా వస్తాదేటి?"

"నన్నెందుకడుగుతావక్కా? పోగ్రాం బాగుందన్నోల్లనే అడుగు."

"అలిగేవేటి? నీ అలక రేపు తీరుస్తాన్లే. ఫోను సెయ్యమంటావా, ఆగమంటావా?"

"తెర మీద ఏటుంటే అదే."

ఆమె ఆగింది.

నాకు అప్పటికే అర్థమైంది. కొరాపుట్ జవాబు రెండో ఆమె పేరు మీద పడి ఉంటుంది. ఫోను చెయ్యి అని ఒక్క మాట చాలు. ఎందుకు అనలేదు? కోపం మేనేజరు మీద అయితే, మంచం మీది మనిషి నాకేం చేసింది? రక్తం కొరాపుట్‌లో సిద్ధంగానే ఉంది. ఆవిడ పేరు మీద జవాబు రాలేదు కనుక తేవడానికి బండి కదల్లేదు. సాయంత్రానికి ఆవిడ చనిపోయింది.

సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టింది నేనే. జవాబు కోసం ఇంకా కాచుకుని ఉన్న ఆ హామీ ఒక్కటే అక్క అడిగిందనడానికి ఆనవాలు, అదీ పోయింది. విచారణలో ప్రోగ్రాం తప్పుతుందా అని అడిగారు. తప్పదన్నాను. మేనేజరూ నోరు విప్పలేదు. ఆ ఒక్కరోజు మేమిద్దరం ఒక్కటయ్యాం. అక్క నా వైపు చూసి తల దించుకుంది. రక్తం అడగనే లేదని రాసి ఆమెను తీసేశారు.

ఇప్పుడు కొట్పాడ్‌లో ఎవరింట్లోనో మంచాన పడ్డ ముసలావిడకు సేవ చేస్తోందట. వెళ్లే ముఖం నాకు లేదు. ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతే. పోయినావిడ రాదు. నన్నెవరూ క్షమించక్కర్లేదు. కానీ ఆమె అడగలేదని సంతకాలు పెట్టినవాళ్లు ఇంకా ఆ కుర్చీల్లోనే ఉన్నారు. అది అబద్ధమని నేను ఒప్పుకున్నట్టు మీలో ఎవరు వెళ్లి ఆమెకు చెబుతారు? ఈసారి హామీ ఎవరిదో నాకు పేరు కావాలి. చెప్పండి.