టెంటు కింద దురాయి

మా రేవులో వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు కింద పది రోజులు నేను పాఠం చెప్పాను. గూడూరులో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని, సెలవులకు ఊరొచ్చి ఉన్నాను కాబట్టి ఆ పని నా మీద పడింది. మా ఏరు సముద్రంలో కలిసేచోట ఒక కంపెనీ జెట్టీ కడతానంది. కడితే మా పడవలు సముద్రంలోకి పోయే దారి మూసుకుపోతుంది. మాకున్నది ఆ ఒక్క దారే. ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నాం, అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోండి అని ఊరికి ఒక పుస్తకం పంపారు. తెలుగే. కానీ దేవుడా, అదేం తెలుగు! ఊరి పెద్ద అయిన మా నాయన రెండు పేజీలు తిప్పి నా ఒళ్లో పడేశాడు.

"ఇది మన భాషేనా అమ్మే? చదివి అందరికీ చెప్పు."

చెప్పాను. జీవవైవిధ్యం అంటే మడవ చేపలు, రొయ్యలు, పీతలు, వాటిని తినే కొంగలు, అన్నీ కలిపి అన్నాను. మా మేనత్త వలలోంచి తలెత్తి, "అయితే ఇన్నాళ్లూ మేము జీవవైవిధ్యాన్ని పులుసు పెట్టుకుంటా ఉండామా తల్లీ!" అంది. షెడ్డంతా ఒకటే నవ్వు. సుస్థిర అభివృద్ధి అంటే చేపలు గుడ్లు పెట్టే కాలంలో మనం వేట ఆపుతాం చూడండి, అలాంటిది అన్నాను. "అది మాకు చెప్పేదేంది, ఆ కంపెనీవోళ్లకు చెప్పు" అని కసిరారు. ఉపశమన చర్యలంటే కొట్టేదీ వాళ్లే, మందు రాసేదీ వాళ్లే అన్నాను. ఇది మాత్రం అందరికీ వెంటనే ఎక్కింది. పదో రోజుకల్లా అత్త చేపల బేరంలో కూడా ఆ మాటలు వాడేస్తోంది. నాకు గర్వం తలకెక్కింది.

ఒక్క మాట వదిలేశాను. ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఏమిటో చెప్పలేదు. అది అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకే సరిగా తెలియదు.

ఆ మర్నాడు పెద్దలు కూర్చుని దురాయి వేశారు. దురాయి అంటే మా పాలెం కట్టుబాటు. వేశాక దాటకూడదు. దాటిన మనిషిని వెలి వేస్తారు, ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు, పడవ ఎక్కనివ్వరు. అలల మధ్య ఒక్కొక్కరు ఒక్కో వైపు తెడ్డు వేస్తే పడవ తిరగబడుతుంది. ఆ భయంలోంచి పుట్టిన పద్ధతి అది. నాయన లేచి చెప్పాడు.

"మీటింగు రోజు వేట లేదు. ఇంటిల్లిపాదీ రావాల. ఊరి మాట నేను చెప్తా. ఇంకెవురూ నోరు తెరవగూడదు. ఇది దురాయి."

ఊరంతా తరలివెళ్లింది. టెంటు కింద ఆడవాళ్లందరం ఒక పక్క కూర్చున్నాం. ముందు కర్రల కంచె, వెనక పోలీసులు. అధికారి మైకు పట్టుకుని, "మాట్లాడిన ప్రతి ఒక్కరి అభిప్రాయం విడివిడిగా రాసుకుంటాం" అన్నాడు. విడివిడిగానా!

నాయన ఎంత బాగా మాట్లాడాడో! కొన్నిచోట్ల నేను నేర్పిన మాటలే వాడాడు. చెప్పి కూర్చున్నాడు. ఆ తర్వాత కంపెనీ తరఫున లారీల్లో వచ్చినవాళ్లు ఒకరి వెనక ఒకరు లేచి జెట్టీ కావాలన్నారు. "స్థానికులు ఇంకెవరైనా?" అని అధికారి అడిగాడు. మా ఊరు చేతులు కట్టుకుని కదలకుండా కూర్చుంది. గెలిచేశామన్న ధీమా అందరి మొహాల్లో.

లేచి అరవాలి, ఒక్కొక్కరూ లేవండర్రా అని. లేస్తే దురాయి దాటినట్టే. నన్ను వెలి వేయాల్సింది మా నాయనే. సగం లేచాను. అత్త నా చెయ్యి పట్టి లాగింది. "కూసో అమ్మే! మీ నాయన పరువు తీస్తావా?" అధికారి రెండోసారి అడిగాడు. మూడోసారీ అడిగాడు. నేను కూర్చునే ఉన్నాను.

కొన్నాళ్లకు అనుమతి వచ్చింది. దానితోపాటు ఆనాటి నివేదిక. ఇంటి ముందు మంచం మీద కూర్చున్న నాయనకు చదివి వినిపించాను. స్థానికుల్లో ఒక్కరు అభ్యంతరం చెప్పారట. మిగిలినవారు ఏ అభ్యంతరమూ తెలపలేదట.

"ఒక్కరా? ఊరంతా పోయినాం గదమ్మే!"

"మాట్లాడినోళ్లనే లెక్కేస్తారు నాయనా."

"నీకు తెలుసా?"

"ఆడ టెంటు కిందనే తెలిసింది."

"తెలిసి కూసున్నావా?"

నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "దురాయి వేసింది నువ్వే గదా! లేస్తే నన్ను వెలేసుండేవోడివి గాదా?"

నాయన రేవులో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ల వైపు చెయ్యి చూపించాడు.

"వేసుండేవోణ్ణే. గూడూర్లో నీకు ఉద్యోగం ఉంది, ఇల్లుంది. వెలేసినా నువ్వు బతుకుతావు గదమ్మా. ఏరు మూసేస్తే వీళ్లు యాడికి పోతారు?"