ప్యో తాత పూల తనిఖీ

మా కొండ మీద పూసిన ఏ పువ్వూ ప్యో కి-బోక్ తాత అనుమతి లేకుండా ఊళ్లోకి దిగకూడదు. దిగితే ఆయన దారికి అడ్డంగా వచ్చి నిలబడతాడు. ఎడమచెయ్యి నడుము మీద, కుడిచెయ్యి ముందుకి చాపి "ఏదీ, చూపించు" అంటాడు. చూపించేదాకా కదలనివ్వడు. ఒకసారి పెళ్లికూతుర్ని కారు దింపి మరీ ఆమె చేతిలోని పూలగుత్తిని భూతద్దం పెట్టి చూశాడు. పెళ్లి నలభై నిమిషాలు ఆలస్యమయింది. "ఆలస్యమైతే ఏమయింది, ఇద్దరూ బతికే ఉన్నారుగా," అన్నాడు.

ఈ జబ్బుకి మూలం రైలు. తాత ముప్పై ఒక్క ఏళ్లు మా కొండదారి రైల్లో టికెట్లు తనిఖీ చేశాడు. రిటైరై పదహారేళ్లయినా చెయ్యి మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

ఇక పూల సంగతి. మా కొండ మీద రెండు రకాల పొదలున్నాయి. చలికాలంలో రెండూ ఆకులు రాల్చేసి ఎండుపుల్లల్లా నిలబడతాయి. అప్పుడు చూస్తే కవలపిల్లలే. చలి విరగ్గానే ఒకటి తొందరపడి, ఆకు పుట్టకముందే ఒళ్లంతా పూసేస్తుంది. దాని పేరు జిందల్లే, మేము నిజంపువ్వు అంటాం. తినొచ్చు. రెండోదానికి తొందర లేదు. నెలాళ్లు ఆగి, కొమ్మ చివర ఐదేసి ఆకులు గొడుగులా విప్పుకుని, వాటి నడుమ లేత గులాబిరంగు పువ్వు పెడుతుంది. అది ఛొల్చుక్. అందం అడిగితే దీనిదే. తిన్నవాడికి మాత్రం కడుపులో తిప్పుతుంది, కాళ్లు తేలిపోతాయి, గుండె నెమ్మదిస్తుంది. అందుకని దాన్ని కుక్కపువ్వు అంటాం. ఓసారి మా మేక నాలుగు రెమ్మలు నమిలి, పెళ్లివిందు నుంచి వస్తున్న మా ఊరిపెద్దలాగే నడుచుకుంటూ ఇల్లు చేరింది.

"ముప్పై ఒక్క ఏళ్లు టికెట్ లేనివాళ్లని దింపాను," అనేవాడు తాత. "ఇప్పుడు టికెట్ ఉన్నవాళ్లని దింపుతున్నాను. ఆకు లేకుండా వచ్చింది నిజాయితీపరురాలు. ఐదాకులు పట్టుకుని దర్జాగా వచ్చింది దొంగ. లోకం ఇలాగే ఉంటుందిరా, నువ్వు నీ పుస్తకాల్లో చదవలేదా?"

చదివాను. అప్పటికి సైన్యంలో రెండేళ్లు చేసి వచ్చి, ఎక్కడా ఉద్యోగం దొరక్క, పుట్టగొడుగులు పెంచే దుంగలు మోస్తూ, సంచార గ్రంథాలయం బండిలోని పుస్తకాలన్నీ నమిలేసి, ఊరందరి మీదా పళ్లు కొరుకుతూ ఉండేవాణ్ని. నాకు ఆ ఊళ్లో నచ్చిన మనిషి ఒక్కడే, ఈ పిచ్చివాడు. ఎందుకంటే ఆయన నాకన్నా ఎక్కువమందికి విసుగు తెప్పించగలడు.

కోడలు పండగకి కొత్త దుప్పటి కొనిపెడితే తాత దాన్ని తిప్పి పంపేశాడు. దాని మీద కుక్కపువ్వుల బొమ్మలున్నాయి, ఆకులు మాత్రం నాలుగేసి వేశారు. "మామయ్యా, అది దుప్పటి," అంది కోడలు. "తెలుసమ్మా. ఇంత తప్పు కప్పుకుంటే నిద్ర ఎలా పడుతుంది?" అన్నాడు.

ఈయన ఏడాదంతా ఎదురుచూసేది చాంద్రమానం మూడో నెల మూడో రోజు కోసం. ఆ రోజు ఊరంతా కొండెక్కి నిజంపూలు కోసి, జిగురుబియ్యం పిండితో చిన్న చిన్న అట్లు పోసి, ఒక్కోదాని మీద ఒక్కో పువ్వు అద్ది, తేనె వేసుకుని తింటాం. ఇనుపకుండ మూత బోర్లించి దాని మీద అట్లు పోసేది ఓక్ పున్-నే మామ్మ. అరవై ఏళ్లుగా కొండ మీద మొదటి బుట్ట నింపేదీ ఆవిడే. ఎనభై రెండేళ్లు, కళ్లకి పొర కమ్మింది. అయినా ఆవిడ నిప్పు వెలిగిస్తేనే మాకు పండగ.

పెనం ఎక్కేముందు ప్రతి బుట్టా తాత ముందుకి రావాలి. ఇరవై బుట్టలుంటే ఇరవై. ఒక్కో పువ్వూ భూతద్దం కింద పెట్టి పైరేకుల మీద ఎర్రచుక్కలున్నాయేమో చూస్తాడు. దట్టంగా చుక్కలుంటే కుక్కపువ్వు. దాన్ని పైకెత్తి స్టేషన్ గొంతుతో అరుస్తాడు: "ఒకటి. మి-సుక్ బుట్ట. దించెయ్యండి." ఏటా దొరికేవి అన్నీ మహిళాసంఘం అధ్యక్షురాలు చు మి-సుక్ అత్త బుట్టలోనే దొరికేవి. తను కొయ్యలేదని ఆవిడ ఏటా ప్రమాణం చేసేది, ఏటా దొరికేవి.

రెండేళ్ల కిందట మాత్రం తాత మోకాలి ఆపరేషనై పట్నం ఆసుపత్రిలో ఉన్నాడు. తనిఖీ లేదు. ఆ రోజు ఊరి మంగలితో సహా ముగ్గురు మగవాళ్లు అట్లు తిని వాంతులు చేసుకున్నారు. మండలాఫీసు నుంచి హం గారనే గుమాస్తా వచ్చి, "ఇంకొక్కరికి కడుపులో తిప్పినా ఈ పండగ ఇక ఉండదు," అని రాసుకుని వెళ్లాడు. పున్-నే మామ్మ చూపు వల్లే ఇదంతా అని చెవులు కొరుక్కున్నారు. ఆవిడ చేత బుట్ట మాన్పించాలని మహిళాసంఘంలో మాటలు కూడా నడిచాయి.

ఈ ఏడు అంతకంటే పెద్ద చిక్కు వచ్చింది. అధికమాసం పడింది. మూడో నెల మూడో రోజు కాస్తా నెల ఆలస్యంగా వచ్చింది. కొండెక్కి చూస్తే చివరి నిజంపూలూ మొదటి కుక్కపూలూ పక్కపక్కనే పూసి ఉన్నాయి. పైగా ఆలస్యమైన నిజంపువ్వుకి అప్పటికే చిగురాకు వచ్చేసింది. ఆకుని బట్టి ఏదీ తేలేలా లేదు. హం గారు ఉదయమే వచ్చి, పుస్తకం తెరిచి, పెనం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

"తాతా, ఈ ఏడాదికి పండగ మానేద్దామా?" అన్నాను.

"రైలు దారిలో రాయి పడిందని రైలు మానేస్తామా? రాయి తీస్తాం. బుట్టలు పట్రా."

ఒక్కొక్కటే తెచ్చి ముందు పెడుతున్నాను. మొదటిది పున్-నే మామ్మది. తాత అందులో చెయ్యి పెట్టి కలియబెట్టాడు, అద్దంలోంచి చూశాడు, "శుభ్రం," అన్నాడు. ఆయన పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. చెయ్యి బయటికి వచ్చేటప్పుడు ఏదో గులాబిరంగుది పాత రైల్వేకోటు చేతిలోకి జారిపోయింది. మళ్లీ ఇంకొకటి. మి-సుక్ అత్త బుట్ట రాగానే అదే చెయ్యి అందులోకి వెళ్లింది. "ఒకటి. మి-సుక్ బుట్ట. దించెయ్యండి."

"నా బుట్టలో ఉండే వీల్లేదు," అంది మి-సుక్ అత్త. "ఇవాళ నాలుగుసార్లు చూసుకున్నాను."

"నువ్వు నాలుగుసార్లు చూసినా పువ్వు తన బుద్ధి మార్చుకోదు. రెండు. మి-సుక్ బుట్ట."

నేను తాత చెవి దగ్గరకి వంగాను. "అవి పున్-నే మామ్మ బుట్టలోవి. నేను చూశాను."

"నోరు ముయ్యరా," అన్నాడు పెదవులు కదపకుండా. "ఆవిడకి కనపడ్డం లేదు. ఆ ఒక్క బుట్టే చూస్తే ఊరందరికీ తెలిసిపోతుంది. అందుకే ఇరవయ్యీ చూస్తాను. ఆ బుట్ట కూడా లాక్కుంటే ఆవిడకి ఇంకేం మిగులుతుంది?"

"మరి ఆ తిట్లన్నీ మి-సుక్ అత్త తినాలా?"

"ఆవిడకి అరుగుతాయి."

మధ్యాహ్నానికి ఇరవై బుట్టలూ అయ్యాయి. "పది. తనిఖీ పూర్తి," అని ప్రకటించాడు తాత. అందరూ పున్-నే మామ్మ వైపు తిరిగారు. ఆవిడ నిప్పు వెలిగించలేదు.

"పుల్లలు తడిగా ఉన్నాయి," అంది.

ఆ పుల్లలు మోసుకొచ్చింది నేను. పెళపెళలాడుతున్నాయి. "మామ్మా, ఎండినవే," అన్నాను.

"అయితే గాలి తడిగా ఉంది. కి-బోక్, ఇంకోసారి చూడకూడదూ?"

తాతకి అంతకన్నా కావలసిందేముంది. ఇరవై బుట్టలూ మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మగవాళ్లు పచ్చిపిండి నాకడానికి సిద్ధమయ్యారు. హం గారు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. రెండో తనిఖీలో ఒక్కటీ దొరకలేదు.

"ఇప్పుడు వెలిగించు పిన్నీ," అంది మి-సుక్ అత్త.

"అగ్గిపుల్ల విరిగింది."

"ఇదిగో, పెట్టెడున్నాయి."

"వీటికి మందు సరిగా లేదు. కి-బోక్, ఇంకొక్కసారి."

మూడోసారికి తాత చెమటలు కక్కుతున్నాడు. అయినా వదల్లేదు. నుదురు తుడుచుకుందామని చెయ్యెత్తాడు. కోటు చేతి అంచుకి, మణికట్టు దగ్గర, తొడిమతో అంటుకుని ఒక పువ్వు వేలాడుతోంది.

హం గారు లేచి వచ్చి దాన్ని రెండు వేళ్లతో పీకాడు. "ఇది మీ కోటులోంచి వచ్చింది."

మి-సుక్ అత్త నెమ్మదిగా ముందుకి వచ్చింది. "ఆహా. పదహారేళ్లుగా నా బుట్టలోకి దిగుతున్నవాళ్లు ఎక్కిన స్టేషన్ ఇదన్నమాట."

"విషప్పూలు వేస్తున్నది మీరేనా?" అన్నాడు హం గారు.

తాత పున్-నే మామ్మ వైపు చూడలేదు. నా వైపు మాత్రం చూశాడు, నోరు విప్పితే చంపేస్తానన్నట్టు. "అవును. నేనే."

"ఎందుకు?"

"ఊరు ఏమరుపాటుగా ఉండకూడదని."

"రెండేళ్ల కిందటివి కూడా మీరేనా?"

"నేనే."

"అప్పుడు మీరు ఆసుపత్రిలో ఉన్నారని ఇక్కడ రాసి ఉంది."

"ముందే వేసి వెళ్లాను," అన్నాడు తాత, అవి వారానికే వాడిపోతాయని తెలిసిన మనిషి.

హం గారు కలం మూత తీశాడు. "అయితే ఈ పండగ ఇవాళ్టితో సరి."

అప్పుడు వెనక చుర్రుమని అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. పున్-నే మామ్మ పొయ్యి వెలిగించేసింది. మొదటి పుల్లకే అంటుకుంది.

"పదకొండు," అంది ఆవిడ. "లెక్క సరిపోయింది. ఆ పుస్తకం ముయ్యి బాబూ. పదకొండూ నావే. ఏటా నేనే వేస్తాను, కావాలనే."

తాత ఇప్పుడు ఆవిడ వైపు తిరిగాడు.

"నీకు కనపడదు కదా," అన్నాడు.

"కళ్లు ఎవడిక్కావాలి? కుక్కపువ్వు తొడిమ జిగురుగా ఉంటుంది, వేలికి అంటుకుంటుంది. నిజంపువ్వుది అంటుకోదు. నువ్వు టికెట్ చూసినట్టు భూతద్దం పెట్టుకుని రేకుల చుక్కలు లెక్కపెడతావు. ముట్టుకుని చూడాలని ఎప్పుడైనా తోచిందా నీకు?"

హం గారు నమ్మలేదు. తువ్వాలు తీసి మామ్మ కళ్లకి కట్టాడు. తనే పొదల్లోకి వెళ్లి దోసెడు పూలు తెచ్చి ఆవిడ ఒడిలో పోశాడు. మామ్మ వేళ్లు పప్పులో రాళ్లేరినంత తేలిగ్గా కదిలాయి. ఇటు నిజం, అటు కుక్క, ఇటు నిజం. మధ్యలో ఒకచోట ఆగింది. "ఇది చాక్లెట్ కాగితం, హం గారూ. ఇలాంటివి కొండ మీద పారెయ్యకండి."

హం గారి చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కటీ తప్పలేదు.

"మరి ఎందుకు వేస్తారు?" అన్నాడు.

"ఇతను రిటైరై వచ్చిన కొత్తలో రోజూ స్టేషన్‌కి వెళ్లి కూర్చునేవాడు. రైలు వెళ్లిపోయాక కూడా చెయ్యి చాపుకుని నిలబడేవాడు. ఆ ఏడు పండగనాడు పొరపాటున నా బుట్టలో ఒక కుక్కపువ్వు దొరికింది. ఆ మొహం చూడాల్సింది మీరు. బాకీ పడ్డ ప్రమోషన్ వచ్చినట్టు. మర్నాటి నుంచి స్టేషన్‌కి వెళ్లడం మానేశాడు. అప్పట్నుంచి నేను మానలేదు. ఎన్ని వేశానో గుర్తుంటుంది. అన్నీ పైకి వచ్చేదాకా పొయ్యి ముట్టించను."

"మరి రెండేళ్ల కిందట ఎన్ని వేశారు?"

"ఇతను ఆసుపత్రిలో ఉంటే ఎవరికోసం వెయ్యను? ఒక్కటీ లేదు."

"మరి ఆ ముగ్గురి వాంతులు?"

మామ్మ తువ్వాలు విప్పకుండానే, సరిగ్గా మంగలి కూర్చున్న వైపు తల తిప్పింది. మంగలి ఆకాశంలోకి చూశాడు. ఆయన పక్కనున్న ఇద్దరూ నేల చూశారు.

"నాలుగు బిందెల బియ్యపుకల్లు," అన్నాడు మంగలి. "పువ్వు అని చెబితే ఇంట్లో ఊరుకుంటారని..."

ఆయన భార్య లేచి నిలబడింది. తర్వాత జరిగింది పండగలో భాగం కాదు కాబట్టి వదిలేస్తున్నాను. హం గారు మాత్రం పుస్తకంలో ఒక పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసి, చేతులు కడుక్కుని, తొలి అట్టు తనకే అని కూర్చున్నాడు.

అందరూ తింటున్నారు. తాత ఒక్కడూ ఎడంగా బండ మీద, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మి-సుక్ అత్త ఒక పళ్లెంలో నాలుగు అట్లు పెట్టుకుని వెళ్లి ఆయన పక్కన దించింది. "తిను. పదహారేళ్ల తిట్లు తర్వాత లెక్క చూసుకుందాం," అంది. ఆయన తిన్నాడు. నాలుగూ తిన్నాడు. ఒక్కో అట్టు మీది పువ్వునీ ముందు భూతద్దం పెట్టి చూసుకున్నాడు, అది వేరే సంగతి. తర్వాత లేచి, మోకాలు సవరించుకుని, నేరుగా పున్-నే మామ్మ పెనం ముందుకి వచ్చాడు. నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ కొండ దద్దరిల్లుతుందని మేమంతా అనుకున్నాం.

"పదకొండు మరీ తేలిక," అన్నాడు. "వచ్చే ఏడు ఇరవై వెయ్యి. కొన్ని మి-సుక్ బుట్టలో కూడా వెయ్యి."