మోటారు చప్పుడు లేకుండా తిరిగిన నాబ్

ఇది కల్పించి చెబుతున్నది కాదు. ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను. ఆ అక్షరాలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

హిందూపురంలో మా ముందుగదిలో పాత ప్రీ ఆంప్లిఫయర్ ఉంది. క్యాసెట్ శబ్దం దాని గుండానే స్పీకర్లకు పోతుంది. నా స్నేహితుడు నంజుండప్ప రోజూ వచ్చి దాని పక్కనే కూర్చునేవాడు. వాల్యూమ్ నాబ్ ఆయన చేతిలోనే ఉండేది. తను పాడిన తత్వాల క్యాసెట్ పెడితే, ఆఖరి తత్వం ముగిసీ ముగియకముందే తగ్గించేసేవాడు. దాని తర్వాత ఆయన దగ్గు ఉంటుంది. అది ఎవరూ వినకూడదని ఆయన పట్టుదల.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. నా మోకాళ్ళు మాటిమాటికీ లేవనివ్వవు. అందుకని ధర్మవరం నుంచి మస్తాన్ అనే మెకానిక్‌ను పిలిపించి ఆ నాబ్‌కు చిన్న మోటారు, రిమోట్ పెట్టించాను. శబ్దం చెడుతుందేమోనని నా అనుమానం.

"పాట మోటారులోంచి పోదు సార్. మీరు చేత్తో తిప్పేదే అది తిప్పుతాది, అంతే," అన్నాడు.

చేత్తో ఒకసారి, రిమోట్‌తో ఒకసారి, అదే తత్వం విని చూశాను. తేడా లేదు. తిరిగేటప్పుడు మాత్రం మోటారు జుయ్... మంటుంది.

ఇంతలో పెనుకొండ నుంచి నంజుండప్ప భార్య లక్ష్మమ్మ ఫోన్ చేసింది. సంవత్సరీకం నాడు వినడానికి ఆ క్యాసెట్‌ను ఫోన్‌లోకి ఎక్కించి పంపమంది.

"దగ్గు తీసేయద్దన్నా. అది ఉంటేనే ఆయప్ప ఇంట్లో ఉన్నెట్టు ఉంటాది."

మాట ఇచ్చాను.

వీధి సద్దుమణిగాక ఫోన్‌ను ప్రీ ఆంప్లిఫయర్ పక్కనే పెట్టి రికార్డు మొదలుపెట్టాను. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. రిమోట్ బల్ల మీద ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు.

ఆఖరి తత్వం వచ్చింది. చివరి చరణం... గొంతు సన్నబడింది...

నాబ్ కదిలింది.

దాని మీద తెల్ల గీత ఒకటి ఉంటుంది. ఆ గీత మెల్లగా... కిందికి... దిగుతోంది. పాట దూరమైపోతోంది. మోటారు చప్పుడు కోసం చెవులు రిక్కించాను. జుయ్ అనలేదు. ఏమీ అనలేదు. చేత్తో తిప్పినప్పుడు ఎలా తిరుగుతుందో అలాగే... మెత్తగా. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. దగ్గు రావలసిన చోట నిశ్శబ్దం. నంజుండప్ప కూర్చునే కుర్చీ వైపు చూడలేకపోయాను.

తెల్లవారి మస్తాన్‌ను అడిగాను. ట్యూబ్‌లైటు వెలుతురుకు కూడా ఒక్కోసారి రిమోట్ నొక్కినట్టే అవుతుందట. అంతవరకు చెప్పి ఆగాడు. "అయినా మోటారు అరవకుండా ఎట్లా తిరుగుతాది సార్?" అని తిరిగి నన్నే అడిగాడు.

రికార్డయింది రికార్డయినట్టే లక్ష్మమ్మకు పంపాను. విన్నాక ఫోన్ చేసింది.

"మళ్ళా తగ్గించేసినాడు కదన్నా," అంది. నేను తగ్గించానని ఆమె అనుకోనే లేదు. "ఇంగొకసారి ఎక్కించు. ఈ తూరి నువ్వు గట్టిగా పట్టుకో."

సంవత్సరీకం ఎల్లుండి. క్యాసెట్ వెనక్కి తిప్పి పెట్టాను. లేచి వెళ్ళి నాబ్ మీద చెయ్యి వేస్తే చాలు.

వేశాక అది తిరగబోతే... నా చేతికి ఏం తగులుతుందో.