చెయ్యి వదలకు మామా

సర్వే సారుకి ఉన్న జబ్బు ఒక్కటే, భయం. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చోరు, లిఫ్టు ఎక్కరు, కోడి ఎదురైతే పక్కవాళ్ల వెనక్కి చేరతారు.

"ఫ్యాను ఊగుతోంది చూశావామ్మా?" అన్నారు, కొత్తగా చేరిన అమ్మాయితో మొదటిరోజే.

"అది ఆగి ఉంది సార్."

"ఆగి ఉండి కూడా ఊగుతోందంటే ఆలోచించు."

అలాంటి మనిషి ఏటేటా వాగు దాటి కొండమీది ఆదివాసీల ఊరికి వెళ్తారు. పోయినేటికీ ఈ ఏటికీ బడి, నీళ్లు, వైద్యం ఎంత మెరుగయ్యాయో అవే ఇళ్లలో అడిగి తెలుసుకొస్తారు. వెంట ఉండి దారి చూపేది ఆ ఊరి పెద్దాయనే. ఇప్పుడు వాగుకి ఇవతల కూతురింట ఉంటున్నాడు. సారు ఆయన్ని వరస కలిపి మామా అని పిలుస్తారు. ఈసారి అమ్మాయినీ పంపుతూ ఆఫీసరు చెప్పాడు: "ఆ ముసలాయన ఇంకా పనికొస్తాడేమో చూసి రా. లేకపోతే మానిపించేద్దాం."

చెక్కల వంతెన చూడగానే అమ్మాయి ఆగిపోయింది. కింద వాగు హోరుమంటోంది. సారు అప్పటికే మామ చెయ్యి పట్టుకుని గజగజ వణికిపోతున్నారు.

"చెయ్యి వదలకు మామా. అమ్మో, ఇక్కడ చెక్క లేదు, కాలు చాచి వెయ్యాలి. బాబోయ్, ఇక్కడ తాడు తెగింది, ఎడమకి జరగాలి."

"ఇన్నేళ్లొచ్చినా పిరికితనం పోలేదు అల్లుడూ," అని నవ్వుతూ మామ కాలు చాచాడు, ఎడమకి జరిగాడు.

ఒకచోట సారుకి దగ్గొచ్చి మాట ఆగిపోయింది. మామ కాలు నేరుగా ఖాళీలోకి దిగింది. సారు ఆయన్ని నడుం పట్టి లాగి, "పడిపోయేవాణ్ణి మామా, నువ్వు పట్టుకోబట్టి బతికాను," అన్నారు. మామకి చూపు లేదని అమ్మాయికి అప్పుడర్థమైంది.

ఊళ్లో మొదటి ఇంటి తలుపు అమ్మాయే తట్టింది. "అన్నీ బాగున్నాయి," అంటూ ఇల్లాలు తలుపు వెయ్యబోయింది. వెనక మామ గొంతు వినపడేసరికి మళ్లీ తెరిచింది.

"ఏం బాగు మామా, కుళాయి పెట్టారు గానీ చుక్క నీళ్లు రావు. పంతులమ్మ వచ్చి ఎన్నాళ్లయిందో," అని ఉన్నదంతా చెప్పుకొచ్చింది.

మామ లోపల నడుం వాల్చాక, అరుగు మీద అమ్మాయి అడిగింది.

"ఈ భయం మీకెప్పట్నుంచి సార్?"

"మామకి చూపు మందగించినప్పట్నుంచి కాస్త ముదిరిందమ్మా." సారు తల దించుకున్నారు. "ఆఫీసులో ఏం చెప్తావు?" ఈసారి ఆయన గొంతు నిజంగానే వణికింది.

"మామ చెయ్యి పట్టుకోకపోతే మీరు వంతెన దాటలేరని చెప్తాను. ముందు ఆ వంతెన బాగుచేయించమంటాను."

సారు ఊపిరి పీల్చుకున్నారు. అంతలో అరుగు పక్కనుంచి కోడి వచ్చింది. సారు ఒక్క గెంతులో అమ్మాయి వెనక్కి చేరారు.

"మామ ఇక్కడ లేడుగా సార్, నటించక్కర్లేదు."

"కోడి నిజమేనమ్మా. ముందు దాన్ని అటు తోలు."