రెండో మెలిక

పదిహేడేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డంపడి ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేదా?

నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ ఒకసారి చూసింది మరిచిపోను. మరిచిపోగలిగితే బాగుండేది.

తెనాలిలో మా పక్కవాటాలో కోటమ్మ పిన్ని ఉండేది. చుట్టరికమేమీ లేదు, అలవాటుగా పిన్నీ అనేదాన్ని. భర్త పోయాక రేపల్లె నుంచి వచ్చి, పెళ్ళిదండలు కట్టి బతికేది. నేనూ పూలు కట్టేదాన్నే. దారాన్ని వేళ్ల మీద ఒక మెలిక తిప్పి, కాడల మీదికి జార్చి బిగిస్తాం, అందరం అంతే. అలా కట్టిన దండలో ఎక్కడ దారం తెగినా అక్కడి నుంచి పూలు రాలిపోతాయి. పిన్ని దండ రాలదు. పెళ్ళివారు వస్తే వాళ్ల ఎదురుగానే కత్తెరతో దారం ఒకచోట తెంపి, దండ దులిపి చూపించేది. ఒక్క మొగ్గ కింద పడేది కాదు. ఇక వాళ్లు ఇంకో గుమ్మం ఎక్కేవాళ్లు కాదు. ఆమెకున్న ఆస్తి ఆ ముడి ఒక్కటే.

అదెలా వేస్తుందో ఎవరికీ చెప్పేది కాదు. పక్కన కూర్చుని చూసినా అంతుపట్టదు, వేళ్లు అంత వేగం. భట్టిప్రోలులో కాపురముంటున్న తన అక్క కూతురు రమణకు మాత్రం నేర్పింది. తన తర్వాత అదే కడుతుందనేది.

రెండువేల ఆరు మాఘమాసంలో బాపట్లలో ఒక కల్యాణమండపం ఆయన నా దండ చేత్తో పట్టుకుని చూసి, తెగినా రాలని ముడి వేయగలిగితే ఏడాది పొడుగునా పని నాకే ఇస్తానన్నాడు. ఆ మాట నాతోపాటు రైలెక్కి ఇంటికొచ్చింది.

అప్పుడే మా తమ్ముడు తన చిన్న డిజిటల్ కెమెరా మా ఇంట్లో ఉంచి వెళ్లాడు. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు, బొమ్మలు వచ్చు. మొదట తీసినవాటిలో పిన్ని వేళ్లు కనిపించలేదు, పాలు ఒలికినట్టు తెల్లటి మసక. ఫ్లాష్ మెరుపు వెలిగిస్తే పూలూ వేళ్లూ కలిసిపోయి సున్నం కొట్టినట్టు వచ్చాయి. రెండు రోజులు పట్టింది తెలుసుకోవడానికి. మెరుపు బొమ్మ మీద గీత పడేలా నొక్కాలి. చక్రం తిప్పి పరుగెత్తే మనిషి బొమ్మ దగ్గర ఆపాలి. మీట సగం నొక్కి, పచ్చదీపం వెలిగాక అలాగే పట్టుకోవాలి. మోచేతులు బియ్యం డబ్బా మీద ఆనించాలి. వెలుగు చాలకపోతే ఎన్ని చేసినా దండగ, అందుకని ఫొటో బాగా వస్తుందని చెప్పి పిన్నిని తూర్పు కిటికీ దగ్గరికి జరిపాను. పాపం, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి కూర్చుంది.

ఇంకో చిక్కు. నొక్కిన తర్వాత ఆ కెమెరా ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ముడి బిగించేటప్పుడు పిన్ని గాజులు చప్పుడయ్యేవి, అది విని నొక్కితే అప్పటికే అయిపోయేది. చప్పుడుకు ముందే నొక్కాలి. ఊపిరి బిగబట్టి ఆమె చేతి లయ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

"ఏంటమ్మాయ్, ఎంతసేపూ నా చేతుల మీద పడ్డావ్? ముఖం ఏమన్నా అరిగిపోయిందా?" అంది.

"అదీ పడుతుందిలే పిన్నీ, నువ్వు కట్టు."

"పడకపోతే చెప్పు, పౌడరు రాసుకొస్తా. ఏదీ, ఇటివ్వు చూద్దాం."

చెయ్యి చాపింది. కెమెరా ఒళ్లోకి లాక్కున్నాను. అందులో అన్నీ వేళ్లే.

"బ్యాటరీ అయిపోయింది పిన్నీ."

"నన్ను చూసి దానికీ నీరసం వచ్చిందన్నమాట!" అని పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను?

అరవైకి పైగా తీస్తే ఒక్కటి స్పష్టంగా వచ్చింది. తలుపు గడియ పెట్టుకుని దాన్ని పెద్దది చేసి చూశాను. చిటికెన వేలు దారాన్ని వెనక్కి లాగి పట్టింది. ఆ వేలి మీద, మొదటిదానికి ఎదురుగా తిరిగిన రెండో మెలిక. ఇంతేనా అనిపించింది. ఆ "ఇంతే" మీద ఒక మనిషి బతుకుతోందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. తట్టలేదా, తట్టనివ్వలేదా?

ఏడాదిపాటు ఇంట్లో పిన్ని ముందు ఒక మెలికతో కట్టాను, బాపట్లలో రెండు మెలికలతో కట్టాను. ఎప్పుడైనా ఇంట్లో చిటికెన వేలు దానంతటదే కదిలితే చప్పున ఆ ముడి విప్పి మళ్లీ కట్టేదాన్ని. బాపట్లలో సాయానికి పెట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు నా దగ్గర ఆ ముడి నేర్చుకున్నారు. వాళ్ల నుంచి ఇంకొకళ్లు. మరుసటి పెళ్ళిళ్ల కాలానికి రేపల్లె పూలకొట్లలోనూ అదే ముడి.

ఒకరోజు మధ్యాహ్నం పిన్ని తెగిన దండ పట్టుకుని మా గడపలో కూలబడింది.

"పెళ్ళివారి ముందే తెంపి దులిపానే అమ్మాయ్. నవ్వారు. ఇప్పుడు అందరూ ఇలాగే కడుతున్నారుగా మామ్మగారూ అన్నారు."

మంచినీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"రమణకొక్కదానికే నేర్పాను. అదే బయటపెట్టి ఉంటుంది. ఏమంటావే?"

నా ముఖంలోకే చూస్తోంది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. పోనీ, నాకు తెలియదు అన్నా సరిపోయేది.

"అయ్యుండొచ్చు పిన్నీ," అన్నాను.

దొంగతనం కన్నా ఆ మాటే పెద్దదని ఇప్పుడు అనిపిస్తుంది. ముడి పోయినా ఆమెకు రమణ మిగిలేది. ఆ రమణను కూడా నేనే తీసేసుకున్నాను.

రమణ వచ్చి పిల్లల మీద ఒట్టేసి ఏడుస్తుంటే పిన్ని తలుపు తీయలేదు. గోడకు ఇవతల నేను పొయ్యి మీది కూర కలుపుతూ అంతా విన్నాను. పిన్నికి బేరాలు తగ్గి, విడిపూలు గంపలో పెట్టుకుని వీధులు తిరిగింది. మూడేళ్లకు పోయింది. రమణను లోపలికి రానివ్వొద్దని ముందే చెప్పి పోయింది, అయినవాళ్లు రానివ్వలేదు. రమణ వీధిలో ఎండలో నిలబడి ఉంటే నేను గుమ్మంలో ఉన్నాను. మా మధ్య పది అడుగులు. శవం మీద దండ నేనే కట్టాను. ఒక్క మెలికతో కట్టాను. రెండోది వేస్తే ఎవరైనా చూస్తారని, అప్పుడు కూడా.

రమణ ఇప్పుడు రేపల్లెలో పూలు అమ్ముతుంది. నేను కనపడితే "అక్కా" అని పిలిచి, అడగకపోయినా ఒక మూర ఎక్కువిస్తుంది. పిన్నికి చివరిదాకా దగ్గరున్నానని నా మీద ఆమెకు గౌరవం. ఆ పూలు తలలో పెట్టుకోలేను, పారేయనూ లేను.

క్షమించమని అడగడం లేదు. అడిగితే మీరు క్షమించవచ్చు, కానీ అది మీ చేతిలో ఉన్నది కాదు. రమణకు చెబుతానా? ఏమో. ఈ కాగితం మీద ఒక్కసారి అక్షరాల్లో చూసుకోవాలని కూర్చున్నాను.

ఆ ముడి బయటపెట్టింది రమణ కాదు. నేను.