ముందు నన్ను చూసిన ఆంటీ

పక్క ఫ్లాట్‌లో ఎవరో వాము వేయిస్తున్నారు. ఆ ఘాటు మా వంటింట్లోకి వచ్చిందంటే చాలు, సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లో నేను బాలింతగా ఉన్న రోజులూ, షమీమ్ ఆంటీ గుర్తుకొస్తారు. హైదరాబాద్ మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. బ్లాకులో ఎవరు ప్రసవించినా ఆడవాళ్ళందరికీ తలో పని పురమాయించేవారు. కింది అంతస్తు మలయ్ ఆవిడ నడుముకు నూనె రాయాలి, ఒక తమిళావిడ పెద్దపిల్లల్ని బడి నుంచి తేవాలి, ఇంకొకరు వండాలి. ఆవిడ మాత్రం బీపీ మెషిన్ పట్టుకుని తిరిగేవారు. కాదంటే వినే మనిషి కాదు.

పాప పుట్టిన రెండో వారంలో నాకు తలనొప్పి పట్టుకుంది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు ఫ్యాను గాలి సోకిందని తేల్చారు. చెవుల్లో దూది పెట్టి, తలకు శాలువా బిగించి, మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చారు. నాకూ అదే నిజమనిపించింది. చూడవచ్చినవాళ్ళు పాప ముక్కు ఎవరి పోలికో వాదించుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు.

అంతవరకూ నాతో పరిచయమే లేని షమీమ్ ఆంటీ మాత్రం ఉయ్యాల వైపు తిరగనైనా లేదు. తిన్నగా వచ్చి నా మంచం మీద కూర్చున్నారు.

"ఏం బిడ్డా, మొహం గట్ల ఉబ్బిందేంది?"

"గాలి సోకింది ఆంటీ. తల పగిలిపోతోంది, కళ్ళు కూడా మసకగా ఉన్నాయి."

చేతికి పట్టీ చుట్టారు. మెషిన్ చూసి మరోసారి చుట్టారు. తర్వాత మా అత్తగారితో, "అక్కా, పాపను పట్టుకోండి. మేం హాస్పిటల్‌కు పోతున్నం," అన్నారు.

"అయ్యో, పచ్చి బాలింత! గడప దాటకూడదమ్మా!"

"ఇప్పుడు దాటకపోతే కోడలు దక్కదు అక్కా."

కాన్పు అయ్యాక కూడా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చని అక్కడ డాక్టర్ చెబితేనే మాకు తెలిసింది. నేను తిరిగొచ్చేసరికి అత్తగారి కళ్ళు ఏడ్చి వాచిపోయి ఉన్నాయి. షమీమ్ ఆంటీ ఆమెను ఒక్క మాటా అనలేదు. "మీ వెల్లుల్లి కారం మంచిగుంటదట కదా అక్కా. నాలుగో అంతస్తుల ఇంకో బాలింత ఉంది, రేపు మీరే వండాలె," అన్నారు. అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని వెల్లుల్లి ఒలవడానికి కూర్చున్నారు. ఆంటీ మీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది అప్పుడే.

ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. మెషిన్ మోసే పని ఇప్పుడు నాది. నిన్న టోవా పాయోలో ఒక బాలింతను చూడటానికి బయలుదేరుతుంటే మా అమ్మాయి సింగపూర్ ఇంగ్లీషులో విసుక్కుంది.

"వై గో లా, అమ్మా? ఆవిడెవరో కూడా నీకు తెలీదు!"

"నేనూ షమీమ్ ఆంటీకి అప్పటికి తెలీదే," అన్నాను చెప్పులు వేసుకుంటూ. "అయినా వచ్చారు కాబట్టే నీకు అమ్మ మిగిలింది."